బాలింత గది పైపుకు గాలి పట్టిన రోజు

“అందుల నీళ్లు తియ్యొద్దని చెప్పిన్నా లేదా అమ్మా?”

“చెప్పినవ్. చెప్తె ఏంది? డ్రమ్ము నిండ ఉడుకు నీళ్లు పెట్టుకొని, బాలింతకు పోసుటానికి మళ్ల వేరే కాగబెట్టాల్నా? ఎవలన్న ఇంటె నవ్వుతరు.”

“అవి తానం నీళ్లు కావే. గది ఎచ్చగుండుటానికి నీళ్లు. అవే నీళ్లు పోవాలె, అవే నీళ్లు రావాలె.”

“ఊకె తిరుగుడేనా వాటి పని? ఈ ఇంట్ల నేను తిరుగుత, నీ పెండ్లాం తిరుగుతది. ఏదో ఒక పని చేస్కుంటనే తిరుగుతం.”

“ఎన్ని బకెట్లు తీసినవ్? నిజం చెప్పు.”

“ఒక్కటి.”

“ఒక్క బకెటుకే పైపు ఇట్ల సచ్చినట్టు సల్లబడ్తదా?”

“నువ్వు అతికిచ్చిన తీరుకు సల్లబడ్తది. నన్నంటవేంది?”

గురువారం సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. నా కొడుకు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా పెరట్లో పొయ్యి ముందు నిలబడ్డాడు. నేను నల్లా దగ్గర కూర్చుని గిన్నెలు తోముతూ జవాబు చెప్తున్నాను. గదిలో మంచం మీద కోడలు, ఆమె పక్కన పదిహేడు రోజుల పసిపిల్ల. మేం ఎంత గట్టిగా అరుస్తున్నామో అంత మెత్తగా నిద్రపోతోంది ఆ పిల్ల.

నేను బహ్రెయిన్ వచ్చింది ఈ పురుడు కోసమే. కోడలికి తల్లి లేదు. ఉన్న ఒక్క అక్క ఇక్కడే అమ్వాజ్‌లో ఉంటుంది, భర్తకు అక్కడి బిల్డింగుల్లో మెయింటెనెన్సు పని. బాలింతకు నీళ్లు పోయడం అక్కాచెల్లెళ్ల పని కాదు, ఇంటి పెద్దది పోయాలి. అందుకని బయల్దేరాను. మా ఊళ్లో బహ్రెయిన్ అని చెప్తే, “అదేడున్నది, దుబాయిల్నేనా?” అని అడిగారు. అవునన్నాను. అందరికీ విడమర్చి చెప్పే ఓపిక నాకు లేదు.

దుబాయంటే ఎండ అనుకుని వచ్చాను. రెండు నూలు చీరలు ఎక్కువ పెట్టుకుని, స్వెట్టరు ఒక్కటే తెచ్చుకున్నాను. నువైద్రాత్‌లో మా కొడుకు అద్దెకుంటున్నది పాత ఇల్లు. గోడలు లావు, గది ఎత్తు, సముద్రం దగ్గర. జనవరి వచ్చేసరికి ఆ గోడలు చెమ్మ పట్టి, చేయి ఆనిస్తే ఎముక దాకా ఇగం ఎక్కేది. పిల్లేమో తక్కువ బరువుతో పుట్టింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు, గది వెచ్చగా ఉండాలి, చలి తగలొద్దు, అని నర్సు నాకు చేతులతో చూపించి మరీ చెప్పింది.

మా పద్ధతిలో అయితే మంచం కింద నిప్పుల కుంపటి పెడతాం. నేను కుంపటి పెడతానంటే కొడుకు ఇంతెత్తున లేచాడు. ఒకసారి వాళ్ల క్యాంపులో ముగ్గురు చలికి ఓర్వలేక గదిలో బొగ్గుల తట్ట పెట్టుకుని, కిటికీలు మూసుకుని పడుకున్నారట. స్పృహ తప్పినవాళ్లను తలుపు పగలగొట్టి ఈడ్చుకొచ్చారట. “బతికిండ్రు గని, బొగ్గుల పేరెత్తొద్దు” అన్నాడు. సరే, కరెంటు హీటరు పెట్టాడు. దానికి పసిదాని ముక్కు ఎండిపోయింది, పాత వైర్లు తట్టుకోలేక ఇల్లంతా చీకటి అయింది. అప్పుడు పుట్టింది ఈ పొయ్యి. మంట బయట, వేడి లోపల.

నా కొడుకు వెల్డరు. సిత్రాలో నూనె పైపులు అతికించే పని. చలిదేశం నుంచి వచ్చిన పెద్ద సారు ఒకాయన, వాళ్ల ఊళ్లో ఇంటి బయట ఇలాంటి కట్టెల పొయ్యిలు ఉంటాయని ఫోనులో బొమ్మ చూపించాడట. చూసిందే చాలు, నా కొడుకు పారేసిన డ్రమ్ములు, పైపు ముక్కలు అడిగి తెచ్చుకుని, ఒక శుక్రవారం, మూడు సాయంత్రాలు పెరట్లో కూర్చున్నాడు. చిన్న డ్రమ్ములో మంట. దాని చుట్టూ పెద్ద డ్రమ్ము. రెండింటి నడుమ నీళ్లు. పెద్ద డ్రమ్ము పైభాగం నుంచి ఒక పైపు గోడలోంచి గదిలోకి వెళ్లి, తలుపు చౌకట్టు మీదుగా ఎక్కి దిగి, మంచం వెంబడి గోడంతా పాకి, కింద ఇంకో రంధ్రంలోంచి బయటికి వచ్చి డ్రమ్ము అడుగున కలుస్తుంది. కాగిన నీళ్లు పైకి పోతాయి, చల్లారినవి కిందికి దిగి వస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు. అన్నిటికంటే ఎత్తున చిన్న డబ్బా ఒకటి. నీళ్లు పొంగితే అందులోకి వస్తాయి, తగ్గితే అందులోనే పోయాలి. దానికి ఎన్నడూ మూత పెట్టొద్దనీ, పెడితే డ్రమ్ము పేలుతుందనీ చెప్పాడు. అది విన్నాను. అడుగున నల్లా ఒకటి పెట్టి, ఇది ఏడాదికోసారి కడగడానికి మాత్రమే, అన్నాడు. అది సరిగా వినలేదు.

పొయ్యి చేసింది వాడైనా నడిపింది నేనే. తెల్లారి లేవగానే బూడిద తీయాలి. మొత్తం ఊడ్చేయకూడదు, రెండు వేళ్ల మందం ఉంచితే అడుగున నిప్పు బతికే ఉంటుంది, అగ్గిపుల్ల ఖర్చు కాదు. వాడు తెచ్చే ప్యాలెట్టు చెక్కల్లో, అంటే సామాన్ల కింద వేసే పలకల్లో, మేకులుంటాయి. బూడిద జల్లించి మేకులు ఏరి డబ్బాలో వేసేదాన్ని. ఏం చేసుకుంటావని కోడలు అడిగితే, ఉంటే పనికొస్తయి, లేకుంటే వస్తయా, అన్నాను. రంగు వేసిన చెక్కను దగ్గరికి రానివ్వలేదు, దాని పొగ గొంతులో గీరుకుంటుంది. మూడు రోజులకోసారి గోనెపట్టా ముక్కను తాడుకు కట్టి, కింద రాయి వేలాడదీసి, పొగ గొట్టంలో పైకీ కిందికీ లాగితే మసి అంతా రాలేది.

గోడ అవతల ఇంట్లో ఒక పెద్దామె ఉంటుంది, ఈ దేశపు మనిషే. మేం హజ్జీ అమ్మ అంటాం. వాళ్ల ఖర్జూరం చెట్ల ఎండు మట్టలు గోడ మీంచి మాకు వేసేది. నాకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరికీ వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలతోనే గడిచిపోయేది. ఖర్జూరం మట్ట కొత్త అల్లుడి కోపంలాంటిది, భగ్గుమంటుంది, అంతలోనే చల్లారుతుంది. అంటించడానికి అది, నిలబెట్టడానికి ప్యాలెట్టు చెక్క.

పొయ్యి అంటించిన నాడే గది మారిపోయింది. గోడ చెమ్మ ఆరింది. కోడలు నెత్తి మీది రుమాలు విప్పింది. పైపు మీద పసిదాని గుడ్డలు ఆరేస్తే గంటలో కరకరలాడేవి. నేను పొయ్యి వైపు చూసినప్పుడల్లా నాకు మా ఇంటి రాగి బాయిలరే గుర్తొచ్చేది. నడుమ నిప్పులు, చుట్టూ నీళ్లు, పైన ఒక చెంబు చల్లనీళ్లు పోస్తే పక్క ముక్కులోంచి ఒక చెంబు ఉడుకు నీళ్లు. మా అత్తకు, నాకు, నా బిడ్డలకు, అందరి పురుళ్లకూ ఆ నీళ్లే. ఇది కూడా అంతే కదా. నడుమ నిప్పు, చుట్టూ నీళ్లు, కింద నల్లా. మనిషిని పోలిన మనిషి అన్నట్టు ఉంది. బాలింతకు నాలుగు బకెట్ల నీళ్లు కావాలి. ఆ నాలుగు బకెట్లకు మళ్లీ కట్టెలు తగలేయడం నాకు చేతకాలేదు. కొడుకు డ్యూటీకి పోగానే నల్లా తిప్పేదాన్ని, తీసినన్ని నీళ్లు మళ్లీ పైడబ్బాలో పోసేదాన్ని.

ఈ సంగతి వాడికి తెలియదు. వాడికి తెలిసిందల్లా, ఆ గురువారం పొద్దున్నుంచి గదిలో పైపు చల్లబడిందని. అదీ నేను చెప్పలేదు. కోడలు ఫోను చేసి చెప్పింది, మొగుడికీ, అమ్వాజ్ అక్కకూ. అందుకే వాడు ఓవర్‌టైం వదులుకుని వచ్చాడు. వచ్చీ రాగానే పొయ్యి నల్లా కింద తడి చూశాడు. అక్కడ మొదలైంది మా పోట్లాట.

“వదినె ఫోను చేసింది” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “రేపు పొద్దుగాల ఎనిమిదింటికి కారు వట్టుకొని వస్తదట. గది ఎచ్చగ లేకుంటె చెల్లెను, పిల్లను తీస్కపోతదట. నేను సరే అన్న.”

“సరే అన్నవా?”

“అనక? గా పిల్ల బరువెంత? ఇంకో రాత్రి ఈ సలిల ఉంచుదమా? వాళ్ల ఫ్లాటుల ఎచ్చగుంటది.”

“ఆమె ఫ్లాటుల బాలింతకు నీళ్లు పోసే జాగ ఉన్నదా? నాలుగు చెంబులు పోస్తె కింది ఇంటోళ్లు వచ్చి తలుపు కొడ్తరు.”

“నీళ్లు, నీళ్లు! ఈ నీళ్లతోనేగా ఇంత దాక వచ్చింది.”

నేను గిన్నెలు బోర్లించి లోపలికి వెళ్లిపోయాను. కోడలు గోడ వైపు తిరిగి పడుకుంది, పిల్లను రొమ్ముకు అదుముకుని, మళ్లీ నెత్తికి రుమాలు కట్టుకుని. పోతానని అనలేదు, ఉంటానని అనలేదు. ఆమె సంచి మాత్రం సర్ది మంచం పక్కన పెట్టి ఉంది. పురుడు పోయడానికి సముద్రం దాటి వచ్చి, ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేసే వేడుక కూడా చేయకముందే పిల్లను ఇంకొకరి ఇంటికి పంపితే, ఇక నేను వచ్చింది ఎందుకు? గిన్నెలు తోమడానికా?

పైపు మీద చేయి వేశాను. బయటి నుంచి వచ్చే చోట చురుక్కుమంది. జరుపుకుంటూ పోయాను. చౌకట్టు దాకా వేడి. చౌకట్టు పైకి చేయి అందలేదు, స్టూలు వేసుకుని ఎక్కాను. అక్కడ సగం వేడి, దిగే చోట చల్లన. మంచం వెంబడి మొత్తం చల్లన.

ఇది నేను చూడని రోగం కాదు. మా పొలం మోటారు పైపు గట్టు ఎక్కి దిగే చోట ఇట్లాగే గాలి పట్టేది. మోటారు మోగుతూనే ఉండేది, మడిలో చుక్క పడేది కాదు. అప్పుడు మా ఆయన గట్టు మీది జాయింటు వదులు చేసేవారు. బుస్సుమని గాలి పోయి నీళ్లు అందుకునేవి. నారుమడి ఎండిపోతుంటే నేనే రెండుమూడు సార్లు పానా పట్టుకున్నాను.

“ఇటు రా ఒకసారి” అని కేకేశాను. “ఈడిదాక చెయ్యి కాలుతంది. చౌకట్టు ఎక్కినంక సల్లగున్నది. గాలి పట్టింది.”

వాడు లోపలికి వచ్చి పైపు తట్టి చూశాడు. “గాలి ఎట్ల పడ్తదే? ఒక్క బకెటు తీస్తె పైడబ్బల నీళ్లు తగ్గుతయ్ గని, గదిల పైపు దాక గాలి రాదు. లోపల తుప్పు అడ్డం పడ్డది. కోసి చూసుడే. కటింగు మిషిను శనివారం దాక దొర్కది.”

శనివారం అంటే, రేపు ఎనిమిదింటికి పిల్ల పోవడం ఖాయం. వాడు చెప్పిన లెక్క సరైనదే. ఒక్క బకెటుకు గాలి పట్టదు. నేను స్టూలు మీద నిలబడే ఉన్నాను. కొడుకు ముందు మాట మార్చడం నాకు అలవాటు లేదు. తప్పు ఒప్పుకోవడం అంతకంటే లేదు. కానీ ఆ సంచి కనబడుతోంది.

“ఒక్క బకెటు కాదు” అన్నాను.

“మరి? రెండా?”

“రోజుకు నాలుగు.”

“రోజుకా! ఎన్ని దినాలు?”

“నువ్వు పొయ్యి ముట్టిచ్చిన కాడి నుంచి. తొమ్మిది.”

నేను మొదలుపెట్టాక ఆపలేదు. “నిన్న నాలుగు తీసినంక, పిల్ల గుడ్డలకని ఇంకింత తీసిన. ఆఖరికి నల్లాకెళ్లి ఆవిరే వచ్చింది. పైపు గుడగుడ అన్నది. మంచిగ కాగుతున్నయనుకున్న.”

“మంట ఉన్నదా అప్పుడు?”

“మంట లేకుంటె నీళ్లెట్ల కాగుతయ్‌రా?”

“నీళ్లు లేని డ్రమ్ముల మంట! మళ్ల సల్లనీళ్లు పోసినవా దాంట్ల?”

“పోసిన. బుస్సున పైకి కొట్టింది.”

వాడు అక్కడే తలుపు దగ్గర గొంతుకూర్చున్నాడు. అప్పుడు మంచం మీంచి కోడలు, ఇటు తిరగకుండానే అంది:

“అత్తమ్మా, ఎట్లాగు మొదలువెట్టినవ్ గదా, ఆ చెయ్యి గూడ చూపియ్యి.”

ఆమె చూసింది. నీళ్లు పోసేటప్పుడు స్వెట్టరు చేతులు పైకి మడవక తప్పదు కదా. మణికట్టు మీద ఆవిరి కొట్టిన చోట రూపాయి బిళ్లంత బొబ్బ. నేను దానికి పసుపు రాసి, ఎవరికీ కనబడకుండా స్వెట్టరు కిందికి లాగుకుని తిరుగుతున్నాను. చేయి చాపి చూపించాను. కొడుకు ఆ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తిట్టనూ లేదు. దాని కంటే తిట్టడమే నయం.

“నల్లా ఎందుకు వెట్టిన్నో, అప్పుడే సాఫ్‌గ చెప్పాలె నేను” అన్నాడు.

“నువ్వు చెప్పినవ్. నేనే ఇనలే. తప్పు నాదే. ఇగ లే, పొద్దు గూకుతంది.”

ముందు మంట లాగేశాం. నిప్పులన్నీ పారతో ఇసుకలోకి తోసి, డ్రమ్ము చేయి ఆనేంత చల్లబడే దాకా ఆగాం. నల్లా విప్పితే ఎర్రటి నీళ్లు, వెనకాల తెల్లటి పొరల్లాంటి ఉప్పు. వాడు దాన్ని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

“ఏ నీళ్లు పోసినవే?”

“చెట్లకు వదిలే నీళ్లు. ఊకెనే వస్తయ్ గదా.”

“అవి ఉప్పునీళ్లు. ఇంకో నెల అయితె డ్రమ్ము జల్లెడైతుండె. ఇందుల మంచినీళ్లు పోయాలె. తాగే క్యాను నీళ్లు. నాలుగు క్యాన్లు.”

“తాగే నీళ్లు! పొయ్యికా?”

“తొమ్మిది దినాల పాపం కడగాల్నంటె అంతే మరి.”

ఇంట్లో రెండే క్యాన్లున్నాయి. మా అలికిడికి హజ్జీ అమ్మ గోడ మీంచి తొంగి చూసింది. పానీ కావాలని, డ్రమ్ము వైపు చూపించాను. “యే భీ పీతా?” అని అడిగింది. అవును, మా ఇంట్లో అందరికంటే ఇదే ఎక్కువ తాగుతుంది, అని తెలుగులోనే చెప్పాను. ఆమె నవ్వి, మనవణ్ని పిలవకుండా తానే ఒక్కో క్యానూ గోడ దాకా దొర్లించుకొచ్చింది. నా వయసే ఉంటుంది. గట్టి మనిషి.

నేను బయట స్టూలెక్కి పైడబ్బాలో సన్నగా నీళ్లు పోస్తుంటే, వాడు లోపల చౌకట్టు మీది జాయింటు పానాతో వదులు చేశాడు. కోడలు మంచం మీంచి మధ్యవర్తి. “అత్తమ్మా, నీళ్లు పొయ్యి… ఆగు… గాలి వస్తంది… ఇంకా గాలే…” బుస్సు, బుస్సు. తర్వాత పైపు దగ్గినట్టు శబ్దం చేసి వాడి నెత్తి మీద నీళ్లు ఉమ్మింది. కోడలు పకపకా నవ్వింది. పురుడైన తర్వాత ఆమె అంత గట్టిగా నవ్వడం అప్పుడే విన్నాను. పిల్ల లేచి ఏడ్చింది. వాడు తల తుడుచుకోకుండానే జాయింటు బిగించాడు.

ఖర్జూరం మట్టలతో అంటించి, చెక్కలు నిలబెట్టాం. నేను చౌకట్టు అవతల పైపు మీద అరచేయి ఆనించి కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత చల్లదనం విరిగింది. తర్వాత గోరువెచ్చన. అన్నం వండుకునే వేళకు మంచం కాళ్ల దాకా పాకింది వేడి.

“వదినెకు ఫోను చేసి రావద్దని చెప్పనా?” అన్నాడు కొడుకు.

“చెప్పకు. రానీ. వచ్చి చేత్తోని ముట్టి చూస్కోని. మనం మంచిగుందంటె నమ్మదు, నేనైన నమ్మ.”

శుక్రవారం పొద్దున ఎనిమిది కాకముందే కారు వచ్చింది. కోడలి అక్క రెండు లావు దుప్పట్లు, పిల్లను పడుకోబెట్టే బుట్ట పట్టుకుని దిగింది. చెప్పులు విప్పి నేరుగా గదిలోకి వెళ్లి, పైపును ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడుముకుంటూ నడిచింది. పిల్ల పాదాలు పట్టుకుని చూసింది. వేసుకున్న కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

“రాత్రంత ఇట్లనే ఉన్నదా?” అని చెల్లెల్ని అడిగింది.

“దుప్పటి తన్నేసి పండుకున్న అక్కా.”

“మరి నిన్న ఏమైంది?”

కోడలు నా వైపు చూసింది. కొడుకు చాయ గ్లాసులోకి చూశాడు.

“నేను చెడగొట్టిన” అన్నాను. “ఇందుల నీళ్లు తానానికి తీసిన. ఇగ తియ్య.”

ఆమె మంచం పక్కన కూర్చుంది. చాయ తాగింది, నేను కాల్చిన సర్వపిండి రెండు తిన్నది, మూడోది కాగితంలో చుట్టి ఇమ్మంది. చెల్లెలి సంచి విప్పి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టింది. తొట్టెల నాటికి వస్తానని చెప్పి, పదింటికి ఒక్కతే కారెక్కి వెళ్లిపోయింది.